మాటల్లేని ఫిర్యాదు

హ్వాకిన్ రొడ్రిగో 1939లో గిటారుకూ ఆర్కెస్ట్రాకూ కలిపి రాసిన ‘కాన్సియెర్తో దె అరన్‌హ్వెజ్’లో రెండో భాగం పేరు అడాజియో. నింపాదిగా సాగే ఆ పది పదకొండు నిమిషాల సంగీతం గురించి మూడు కథలు తిరుగుతున్నాయి. 1937 ఏప్రిల్ 26న గెర్నికా పట్టణం మీద జర్మన్, ఇటాలియన్ విమానాలు కురిపించిన బాంబులకు అది శోకగీతమని ఒక కథ. కొత్తగా పెళ్లయిన జంట అరన్‌హ్వెజ్ రాజోద్యానాల్లో తిరిగిన రోజుల తీపి జ్ఞాపకమని రెండోది. ఇది రొడ్రిగో భార్య విక్టోరియా కామ్హి తన పుస్తకంలో చెప్పిన మాట. మూడోది చాలా ఏళ్లు గడప దాటి బయటికి రాలేదు. లోకం చూడకుండానే పోయిన తొలిచూలు బిడ్డ కోసం ఒక తండ్రి దేవుడితో పడిన గొడవే ఆ బాణీ అని. ఈ సంగతి రొడ్రిగో నోటి నుంచే విన్నానని ఆయనకు ఆప్తుడైన గిటార్ విద్వాంసుడు పెపె రొమేరో చెబుతూ వచ్చారు.

మొదటి కథను పక్కన పెట్టేయొచ్చు. గెర్నికాకూ ఈ బాణీకీ లంకె వేసింది శ్రోతలే. రొడ్రిగో పారిస్ నుంచి తిరిగి వెళ్లి స్థిరపడింది, ఆ విమానాలు ఎవరి తరఫున వచ్చాయో ఆ ఫ్రాంకో ఏలుతున్న స్పెయిన్‌లో. 1940 నవంబర్ 9న బార్సిలోనాలోని పలావు దె లా ముసికా కతలానా హాల్లో, రెహీనో సైంత్ దె లా మాసా గిటారు పట్టగా తొలి ప్రదర్శన జరిగిందీ ఆ పాలనలోనే. అయినా ఆ కథ ఎంత తోసేసినా పోదు. అంతర్యుద్ధం ముగిసి అప్పటికి ఏడాదిన్నర. దేశమంతా చావు ఇళ్లే. ఓడిన పక్షానికి తమవాళ్ల కోసం నలుగురిలో ఏడ్చే వీలు కూడా లేదు. అలాంటి చోట పేరు పెట్టని దుఃఖం ఒకటి వినిపిస్తే, జనం దానికి తమ పేర్లు తగిలించుకోకుండా ఎలా ఉంటారు?

మూడో కథ దగ్గర ఆగాలి. అది నిజమైతే, గిటార్ కచేరీల్లో, లిఫ్టుల్లో, పెళ్లి విందుల్లో కూడా వినపడి అరిగిపోయిన ఈ బాణీ వెనక చాలా పాత మతప్రశ్న ఒకటి ఉంది. నమ్మినవాడు దేవుణ్ని నిలదీయవచ్చా? నిలదీస్తే అది భక్తి అవుతుందా, ధిక్కారం అవుతుందా?

రొడ్రిగో నమ్మినవారే. 1901 నవంబర్ 22న వలెన్సియా ప్రాంతంలోని సగుంతోలో పుట్టారు. క్యాథలిక్కుల పంచాంగంలో అది సంగీతకారుల రక్షకురాలు సెయింట్ సిసీలియా పండుగ. మూడేళ్ల వయసులో డిఫ్తీరియా వచ్చి చూపు పోయింది. చూపు పోవడమే తనను సంగీతం వైపు నడిపించిందని తర్వాత అనేవారు. దేవుడితో ఆయన లెక్కలు చిన్నప్పుడే మొదలయ్యాయన్నమాట, కానీ ఆ ఖాతాలో ఆయన అప్పు రాసుకున్నట్టు కనపడదు. పెద్దయ్యాక సెయింట్ ఫ్రాన్సిస్ స్తుతిగీతానికీ, మృతసముద్రం దగ్గర దొరికిన కుమ్రాన్ చుట్టల ఆధారంగా విక్టోరియా సమకూర్చిన స్తోత్రాలకూ సంగీతం కట్టారు.

1927లో పారిస్ వెళ్లి పాల్ డ్యూకా దగ్గర చదువుకున్నారు. 1933లో విక్టోరియాను పెళ్లాడారు. ఆమె ఇస్తాంబుల్‌లో పుట్టిన పియానో విద్వాంసురాలు, 1492లో స్పెయిన్ వెళ్లగొట్టిన యూదుల సంతతి. అంతర్యుద్ధం మొదలయ్యాక రొడ్రిగోకు వచ్చే స్కాలర్‌షిప్ ఆగిపోయింది. జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో అంధుల సంస్థ నీడన కొంతకాలం తలదాచుకుని, స్పానిష్ పాఠాలు చెప్పుకుని బతికారు. 1938లో సాన్ సెబాస్టియన్‌లో ఒక విందు భోజనం దగ్గర సైంత్ దె లా మాసా గిటార్ కాన్సర్టో రాయమని పట్టుబట్టాడు. మంచి వైన్ మీద ఉన్నారేమో, రొడ్రిగో సరేనన్నారు.

తర్వాత జరిగింది ఆయనే చెప్పుకున్నారు. పారిస్ లాటిన్ క్వార్టర్‌లో, సాఁ జాక్ వీధి గదిలో ఒక ఉదయం కాన్సర్టో గురించి ఏదో ఆలోచిస్తుండగా అడాజియో బాణీ మొత్తం లోపల ఒక్కసారిగా పాడటం మొదలుపెట్టింది. వెంటనే, దాని వెనకే, మూడో భాగం బాణీ. మొదటి భాగం మాత్రం అలా రాలేదు. దాన్ని ఆలోచించి, లెక్కలు వేసి, పట్టుదలతో కట్టుకోవాల్సి వచ్చింది. అడాజియో వచ్చిన తీరును ఆయన మానవ ప్రయత్నానికి మించిన శక్తి పనిగానే చూశారు. ఆ మాటను కాస్త గుర్తుపెట్టుకోవాలి. దేవుడి మీద ఫిర్యాదు పత్రాన్ని దేవుడే రాయించాడన్నట్టు ఉంది ఈ వ్యవహారం.

బ్రెయిల్‌లో రాసుకుని, ఒక్కో స్వరం చదివి లేఖకుడికి చెప్పి రాయించడం రొడ్రిగో పద్ధతి. ఒక బాణీ కాగితం మీదికి రావాలంటే దాన్ని లోపల ఎన్నిసార్లు తిరగేసి ఉండాలో ఊహించవచ్చు. ఆవేశంలో గీసిపారేసిన సంగీతం కాదు ఇది.

ఇక ఆ బాణీ లోపలికి వెళ్తే, గిటారు మొదట పాడదు. బి మైనర్‌లో నెమ్మదిగా, ఒకే నడకలో తీగలు మీటుతూ ఉంటుంది. పాట ఎత్తుకునేది ఇంగ్లిష్ హార్న్. పేరులో హార్న్ ఉన్నా అది ఓబో కుటుంబపు గాలివాద్యం. కాస్త కింది స్థాయిలో, గొంతు పూడుకుపోయిన మనిషిలా పలుకుతుంది. అది ఒక మాట అనగానే గిటారు అదే మాటను అందుకుని, అల్లికలు చేర్చి, తిప్పి అంటుంది. మళ్లీ హార్న్, మళ్లీ గిటారు. ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్నే రొమేరో తండ్రికీ దేవుడికీ నడిచిన సంభాషణగా వివరిస్తారు.

గిటారు చిన్న గొంతు వాద్యం. నిండు ఆర్కెస్ట్రా పక్కన అది వినపడటమే కష్టం. రొడ్రిగో దానికి కనిపెట్టిన ఉపాయం సరళమైనది. గిటారు పలుకుతున్నంతసేపూ ఆర్కెస్ట్రాను పల్చగా ఉంచారు. ఆర్కెస్ట్రా గొంతు పూర్తిగా విప్పే చోట గిటారును ఆపేశారు. ఇది వాద్యాల తూకం కోసం వేసిన లెక్కే కావచ్చు. కానీ వినేవాళ్లకు మాత్రం బలవంతుడి ముందు బలహీనుడు వాదించుకునే తీరు అందుతుంది. వాదన సగం దాటాక అందరూ తప్పుకుని గిటారు ఒంటరిగా మిగులుతుంది. కింది తీగల మీద గొణుగుడుగా మొదలై, అడిగి, మళ్లీ అడిగి, చివరకు తీగలన్నిటినీ బలంగా గీరే దాకా వెళ్తుంది. అప్పుడు ఆర్కెస్ట్రా మొత్తం అదే బాణీతో లేస్తుంది, గిటారు నోరు మూసుకుంటుంది. ఆ కెరటం తగ్గాక గిటారు తిరిగి వచ్చి, హార్మోనిక్స్ అనే గాజు గలగలలాంటి ధ్వనులతో పైకి, ఇంకా పైకి పోతుంది. అది బిడ్డ ఆత్మ పరలోకానికి ఎక్కిపోవడమని రొమేరో చెప్పిన వివరణ.

కచేరీ పుస్తకాలు ఈ చివరి ఘట్టాన్ని ‘అంగీకారం’ అని తేల్చేస్తాయి. గడియారం దగ్గర పెట్టుకుని వింటే సంగతి వేరుగా ఉంటుంది. పది నిమిషాల పైచిలుకు నడిచే ఈ వ్యవహారంలో రాజీకి దక్కింది ఆఖరి నిమిషమో నిమిషన్నరో. మిగతాదంతా అడగడమే. దేవుడి చిత్తానికి తల వంచమని బోధించేవాళ్లు తల వంచడం నుంచే మొదలుపెడతారు. రొడ్రిగో అక్కడికి చేరడానికి దారంతా నడిచారు.

ఈ బాణీని వినగానే స్పెయిన్ దక్షిణాన పుట్టినవాళ్లకు ‘సయేతా’ గుర్తొస్తుందని సంగీతం తెలిసినవాళ్లు అంటారు. పవిత్ర వారంలో సెవిల్ లాంటి ఊళ్లలో క్రీస్తు, మరియ మాత విగ్రహాలను ఊరేగిస్తున్నప్పుడు, బాల్కనీలోంచి ఒక్కరు ఏ వాద్యం తోడూ లేకుండా, గొంతు చించుకుని పాడే పాట అది. పాట మొదలవగానే మోస్తున్నవాళ్లు ఆగుతారు. అంత పెద్ద ఊరేగింపు ఒక్క మనిషి గొంతు కోసం నిలబడుతుంది. దేవుణ్ని నిలిపి మాట్లాడటమనేది ఆ సంప్రదాయంలో తప్పు కాదు, ఉత్సవంలో భాగమే. రొడ్రిగో సయేతాను ఎత్తి రాశారని కాదు. అడాజియోలో ఆ ధోరణి వినపడుతుందంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

అసలు చిక్కు ఆత్మ పైకి పోవడంలో ఉంది. 1939 నాటి క్యాథలిక్ శ్రీసభ సాధారణంగా బోధించినదాని ప్రకారం ఆ బిడ్డ అంత పైకి పోకూడదు.

జ్ఞానస్నానం లేకుండా చనిపోయే పసికందుల సమస్య శ్రీసభను పదిహేను వందల ఏళ్లు వేధించింది. ఆదాము నుంచి వచ్చిన జన్మపాపం జ్ఞానస్నానంతోనే పోతుందని నమ్మినప్పుడు, ఆ నీళ్లు పడకముందే పోయిన బిడ్డ సంగతేమిటి? ఐదో శతాబ్దం మొదట్లో సెయింట్ అగస్టీన్ మొహమాటపడకుండా జవాబిచ్చారు. వాళ్లకు శిక్ష తప్పదు, కాకపోతే అన్నిటికన్నా తేలిక శిక్ష. మధ్యయుగపు పండితులకు అది మింగుడు పడలేదు. నరకం అంచున ‘లింబో’ అనే చోటును సిద్ధం చేశారు. అక్కడ బాధ ఉండదు, సహజమైన సుఖం కూడా ఉంటుందని థామస్ అక్వినాస్ వాదించారు. దైవదర్శనం మాత్రం ఉండదు, ఎప్పటికీ. లింబోను శ్రీసభ అధికారికంగా విశ్వాస సత్యంగా ఎన్నడూ ప్రకటించలేదు, కానీ పిల్లలకు చెప్పే పాఠాల్లో అది స్థిరపడిపోయింది. రొడ్రిగో పసివాడుగా ఉన్నప్పుడు పదవ పయస్ పోపు పేరిట వెలువడిన ప్రశ్నోత్తర గ్రంథం కూడా అదే చెప్పింది. 1917 నాటి శ్రీసభ న్యాయస్మృతి జ్ఞానస్నానం లేనివారికి మత సంస్కారాలతో ఖననాన్ని నిరాకరించింది. తల్లిదండ్రులకు ఇది వేదాంత చర్చ కాదు. బిడ్డను ఎక్కడ పూడ్చాలన్న ప్రశ్న.

అలాంటి రోజుల్లో ఒక భక్తుడైన తండ్రి తన బిడ్డను లింబో గడప దాటించి నేరుగా పైకి పంపాడు. ఇది మాటల్లో రాసి ఉంటే ఏ ఫాదరో పిలిచి సర్దిచెప్పేవారు. కవిత అయితే పాదాన్ని పట్టుకుని ప్రశ్నించవచ్చు, ప్రసంగమైతే వాక్యాన్ని. గిటారు ఆఖరి తీగ మీద పలికిన హార్మోనిక్‌ను పట్టుకుని నువ్వు ధర్మం తప్పావని ఎవరు అనగలరు? సంగీతానికి మాటలు లేకపోవడాన్ని లోటుగా చెప్పేవాళ్లున్నారు. ఇక్కడ ఆ లోటే తలుపు తీసింది. శ్రీసభ ఆ వైపు నెమ్మదిగా వచ్చింది. 1992 నాటి సత్యోపదేశ గ్రంథం ఆ బిడ్డలను దేవుడి కరుణకు అప్పగించింది, లింబో పేరు ఎత్తలేదు. 2007 ఏప్రిల్‌లో, పదహారో బెనెడిక్ట్ పోపు అనుమతితో, అంతర్జాతీయ వేదాంత సంఘం ఆ పిల్లల రక్షణ మీద ఆశ పెట్టుకోవడానికి గట్టి కారణాలే ఉన్నాయని ఒక పత్రం వెలువరించింది. రొడ్రిగో అప్పటికి చనిపోయి ఎనిమిదేళ్లు కావస్తోంది.

నిలదీయడం సంగతికి వస్తే, విక్టోరియా పూర్వీకుల మతానికీ రొడ్రిగో మతానికీ ఉమ్మడిగా బైబిల్లోని యోబు గ్రంథం ఉంది. యోబు తన ఏడుగురు కొడుకులనూ ముగ్గురు కూతుళ్లనూ ఒక్క రోజులో పోగొట్టుకుంటాడు. ముగ్గురు మిత్రులు పరామర్శకు వచ్చి ఏడు రోజులు నేల మీద కూర్చుంటారు, ఒక్క మాటా మాట్లాడరు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. ఎనిమిదో రోజు నుంచి వివరణలు మొదలవుతాయి. నువ్వేదో పాపం చేసే ఉంటావు, దేవుడు న్యాయం తప్పడు, ఇందులో నీకు తెలియని మేలుంది. పరామర్శకు వచ్చి ఇలా మాట్లాడేవాళ్లు ఏ దేశంలోనైనా దొరుకుతారు. యోబు ఒప్పుకోడు. దేవుడు వచ్చి తనతో నేరుగా వాదించాలంటాడు. గ్రంథం చివర దేవుడి కోపం పడేది వాదించిన యోబు మీద కాదు, తన తరఫున వకాల్తా పుచ్చుకున్న మిత్రుల మీద. యోబులాగా మీరు నా గురించి సరిగా మాట్లాడలేదని వాళ్లను మందలిస్తాడు.

అంటే ఆ గ్రంథం లెక్కలో దేవుడి మీద ఫిర్యాదు చేసేవాడు దేవుణ్ని వదిలినవాడు కాదు. వదిలేసినవాడికి ఫిర్యాదుతో పనేముంది? అడాజియోను ప్రార్థన అనడానికి ఇంతకు మించిన ఆధారం అక్కర్లేదు. హార్న్‌నూ గిటారునూ దేవుడూ మనిషీ అని విడదీసి చూసినా, ఇద్దరికీ ఒకే బాణీ ఇచ్చారన్నది ఇంకా గట్టి సాక్ష్యం. వాదించుకునేవాళ్లిద్దరూ ఒకే భాషలో మాట్లాడుతున్నారు.

ఇదంతా వట్టి కల్పన అనేవాళ్ల వాదన కూడా తీసిపారేయదగింది కాదు. సంగీతం ఏ ఫలానా భావాన్నీ చిత్రించలేదని, అది కదిలే ధ్వనిరూపాలే తప్ప మరేమీ కాదని 1854లోనే వియన్నా విమర్శకుడు ఎడ్వర్డ్ హాన్స్‌లిక్ పుస్తకం రాశారు. ఆ లెక్కన బిడ్డ కథ తెలియనివాడికి అడాజియోలో బిడ్డ లేదు. 1959 చివర్లో మైల్స్ డేవిస్, గిల్ ఎవాన్స్‌లు గిటారునే తీసేసి ట్రంపెట్‌తో ఈ బాణీని ‘స్కెచెస్ ఆఫ్ స్పెయిన్’ కోసం రికార్డు చేశారు. అక్కడ తండ్రీ లేడు, దేవుడూ లేడు, అయినా దుఃఖం చెక్కుచెదరలేదు. స్వరలిపితో పనిలేకుండా ఎదిగిన ఫ్లమెంకో గిటారిస్టు పాకో దె లూసియా 1991లో దీన్ని వాయించినప్పుడు నడకలోకి ఫ్లమెంకో పదును వచ్చింది, ముసలి రొడ్రిగో కూర్చుని విన్నారు. ఎవరు ఎత్తుకున్నా బాణీ నిలబడుతోందంటే, దాని బలం కథలో లేదని హాన్స్‌లిక్ అనుచరులు అనవచ్చు. కొంతవరకు నిజమే. కానీ బైబిల్ కీర్తనల గ్రంథంలోని విలాపాలకు కూడా ఇదే వర్తిస్తుంది. అవి మొదట ఎవరి కష్టానికి పుట్టాయో చాలావాటి విషయంలో తేలదు. మూడు వేల ఏళ్లకు దగ్గరగా జనం వాటిలో తమ కష్టం పోసుకుంటున్నారు. రాసినవాడి దుఃఖం చెరిగిపోయేంత బాగా రాస్తేనే అది ఇతరులకు పనికొస్తుంది. రొడ్రిగో ఏళ్ల తరబడి నోరు మెదపకపోవడం ఈ పనికి మేలే చేసింది.

ఆ విలాప కీర్తనలు దాదాపు అన్నీ ఎక్కడో ఒకచోట స్తుతి వైపు మలుపు తిరుగుతాయి. ఎనభై ఎనిమిదో కీర్తన మాత్రం తిరగదు, చీకట్లోనే ఆగిపోతుంది. అడాజియో మలుపు తిరిగిన బాపతే. అయితే అసలు ఇబ్బంది దాని తర్వాత మొదలవుతుంది.

రేడియోలు, రికార్డు సంకలనాలు అడాజియో అవగానే ఆపేస్తాయి. కచేరీలో అలా కుదరదు. ఊపిరి పీల్చుకునే లోపే గిటారు మూడో భాగమైన అల్లెగ్రో జెంతీలె ఎత్తుకుంటుంది. రెండు మాత్రలూ మూడు మాత్రలూ కలగాపులగంగా నడిచే తేలికపాటి ఆస్థాన నృత్యం. అంత దుఃఖం తర్వాత ఇంత చలాకీతనమా అని విమర్శకులు కొందరు దీన్ని చిన్నచూపు చూశారు. మూడు భాగాల్లో ఇది బలహీనమైనదన్న మాట సంగీతపరంగా తప్పేమీ కాదు. కానీ రొడ్రిగో చెప్పిన క్రమాన్ని మర్చిపోకూడదు. అడాజియో వచ్చిన ఉదయమే, దాని వెంటే, ఈ బాణీ కూడా వచ్చింది. ఏడుపూ ఆటా ఒకే చోటి నుంచి ఒకే పూట వచ్చాయి. లెక్కలేసి కట్టుకోవాల్సి వచ్చింది మొదటి భాగాన్నే.

యోబుకు సుడిగాలిలోంచి వచ్చిన జవాబు ఇలాగే ఉంటుంది. నీ బిడ్డలు ఎందుకు పోయారో దేవుడు చెప్పడు. కొండ మేకలు ఎప్పుడు ఈనుతాయో తెలుసా అని అడుగుతాడు. గుడ్లను ఇసుకలో వదిలేసి పరుగెత్తే ఉష్ట్రపక్షిని చూపిస్తాడు. మనిషి అడుగుపెట్టని ఎడారిలో వాన కురిపించేది ఎవరంటాడు. అడిగినదానికి ఇది సమాధానం కాదు. నీ దుఃఖంతో సంబంధం లేకుండా లోకం నిండుగా నడుస్తోందని చూపించడం మాత్రమే. మాడ్రిడ్‌కు దక్షిణాన, తాహో నది ఒడ్డున ఉన్న అరన్‌హ్వెజ్ తోటల మాగ్నోలియా వాసనలూ పక్షుల కూతలూ ఫౌంటెన్ల చప్పుడూ ఈ కాన్సర్టోలో పట్టాలనుకున్నానని రొడ్రిగో అన్నారు. చూపులేని మనిషికి తోట అంటే అవే. మొదటి భాగంలోనూ చివరి భాగంలోనూ ఆ తోట తన పాటికి తాను ఉంటుంది. మధ్యలో జరిగిన గొడవ దానికి తెలియదు. ఇది ఓదార్పు అనిపించేవాళ్లున్నారు, అవమానం అనిపించేవాళ్లూ ఉన్నారు. యోబు చదివేవాళ్లలోనూ అంతే.

యోబుకు చివర ఆస్తి రెట్టింపుగా తిరిగొస్తుంది. ఏడు వేల గొర్రెలు పద్నాలుగు వేలవుతాయి. బిడ్డలు మాత్రం మళ్లీ పదిమందే. పోయినవాళ్లు లెక్కలోంచి పోలేదు కాబట్టే రెట్టింపు చేయలేదని కొందరు వ్యాఖ్యాతలు ఆ అంకెకు అర్థం చెప్పారు. కాన్సర్టో తొలి ప్రదర్శన జరిగిన రెండున్నర నెలలకు, 1941 జనవరి 27న రొడ్రిగో దంపతులకు కూతురు పుట్టింది. తండ్రి పుట్టినరోజున పండుగ జరిగే సెయింట్ పేరే పెట్టారు, సిసీలియా.

యోబు పోగొట్టుకున్న ఆ పదిమంది బిడ్డలనూ కన్నది అతని భార్య. గ్రంథం ఆమెకు పేరు పెట్టలేదు. దేవుణ్ని తిట్టి చావమని ఒక్క మాట అనిపించి పక్కన పెట్టేసింది. ఆ మాటకే ఆమెను అవిశ్వాసిగా శతాబ్దాల పాటు దుమ్మెత్తిపోశారు. అడాజియో కథలోనూ వాదించేది తండ్రే, తల్లి ఆసుపత్రి మంచం మీద ఉంది. ఆమె వైపు నుంచి మిగిలింది మాత్రం యోబు భార్య కన్నా చాలా ఎక్కువ. 1986లో విక్టోరియా తమ జీవితం గురించి పుస్తకం రాశారు. అడాజియో పెళ్లినాటి సంతోషానికి గుర్తు అన్నది అందులోనే. దాన్ని నిజాన్ని కప్పిన తెర అనుకుని కొట్టిపారేసేవాళ్లు, రొమేరో చెప్పిందే అసలు కథ అనేవాళ్లు, ఆ బిడ్డ ఆ సంతోషంలోంచే వచ్చిందన్న సంగతి మరిచిపోతారు. 1988లో ఆమె ఇంకో పని చేశారు. బాణీ పుట్టి దాదాపు యాభై ఏళ్లు గడిచాక, అప్పటికి ఎంతోమంది ఎన్నో భాషల్లో ప్రేమగీతాలు కట్టేసిన ఆ అడాజియోకు, ఫ్రెంచిలో తన సొంత మాటలు రాశారు.